కొండ పండు కోసం జనం కొండకే రావాలి

సంపాదకులకు నమస్కారం.

థాయ్‌లాండ్ పండ్ల తోటల గురించి, టూరిస్టులు అక్కడికి వెళ్లి చెట్టు కిందే కూర్చుని దురియన్, మాంగోస్టీన్, రాంబుటాన్ కడుపునిండా తిని వచ్చే పద్ధతి గురించి మీ పేపర్లో వేసింది చదివాను. బాగుంది. కానీ అందులో పండ్ల ఫొటోలు ఎక్కువ, రైతు సంగతి తక్కువ. నేను ఉండేది ఒడిశాలో, రాయగడ జిల్లాలో. పార్వతీపురం నుంచి రైలెక్కితే గంటో గంటన్నరో. మా చుట్టూ ఉన్న కొండల్లో పనస, అనాస, అరటి, సీతాఫలం, జీడిమామిడి ఉన్నాయి. ఇక్కడికి జనం కూడా వస్తూనే ఉన్నారు. అయినా ఆ జనానికీ ఈ పండుకీ మధ్య ఏ దారీ లేదు. ఆ దారి ఎలా వేయచ్చో థాయ్ ఊళ్లను చూస్తే కొంత తెలుస్తుంది, అందుకే ఈ ఉత్తరం. కొంచెం పెద్దదైంది, దయచేసి మధ్యలో కత్తిరించకుండా వేయండి.

ముందు వాళ్ల సంగతి. థాయ్‌లాండ్‌కు తూర్పున చంతబురి, రయోంగ్, త్రాట్ అని మూడు ప్రావిన్సులున్నాయి, పండ్లకు పెట్టింది పేరు. ఏప్రిల్, మే, జూన్ నెలల్లో కాపు మీద ఉంటాయి. అక్కడ చాలా తోటల్లో గేటు దగ్గర మనిషికింత అని టికెట్టు కొనుక్కుని లోపలికి వెళ్తారు, తినగలిగినంత తింటారు, ఇంటికి కావాలంటే తూకం వేయించుకుని వేరే డబ్బిచ్చి తెచ్చుకుంటారు. ఇందులో రైతుకు మిగిలేది ఏమిటో చూడండి. కోత కూలీ తగ్గింది, పెట్టెలు లేవు, లారీ లేదు, కమీషన్ లేదు, దారిలో కుళ్లిపోయి పారబోసేది లేదు. పైగా పండు అసలు రుచి తెలిసేది అక్కడే. ఎగుమతికి వెళ్లే దురియన్‌ను పూర్తిగా పండకముందే కోస్తారు, లేకపోతే చైనా చేరేలోపు పాడైపోతుంది. ఒకడు చెట్టెక్కి కోసి వదిలితే కింద ఇంకొకడు గోనెసంచి పట్టుకుని అందుకుంటాడు. పండిందా లేదా అని కర్రతో తట్టి చప్పుడు విని చెప్తారు. మన పనసకాయను చేత్తో తట్టి చూసే పెద్దవాళ్లకు ఇది వింతేమీ కాదు. మాంగోస్టీన్ కింద భాగంలో చిన్న పువ్వు గుర్తు ఉంటుంది, దానికి ఎన్ని రేకులుంటే లోపల అన్ని తొనలుంటాయి. ఇలాంటివి తోటవాడు చెప్తుంటే పట్నం పిల్లలు లెక్కపెట్టి మరీ కాయ కోసి చూసుకుంటారు.

కానీ నాకు నచ్చింది ఈ టికెట్టు తోటలు కాదు. అవి పెద్ద రైతులవి, కొన్నిచోట్ల టూరిస్టులను తిప్పడానికి ట్రాక్టర్ బండ్లు కూడా ఉన్నాయి. మాకు పనికొచ్చే ఊరు దక్షిణాన, నఖోన్ సి తమ్మరాట్ ప్రావిన్సులో కావో లువాంగ్ కొండ కింద ఉంది. పేరు కీరీవోంగ్. ఆ కొండవాలు మీద వాళ్ల తోటలు వరసలు తీసి నాటినవి కావు. ఒకే జాగాలో మాంగోస్టీన్, దురియన్, గుత్తులుగా కాసే లాంగ్‌కాంగ్ పండు, చిక్కుడులాంటి పొడవు కాయలు కాసే సతో చెట్టు, పోక, అన్నీ కలిసి పెరుగుతాయి. దూరం నుంచి చూస్తే అడవి అనే అనుకుంటాం. పంట కొండ మీద నుంచి మోటార్‌సైకిళ్ల మీద ఇరుకు దారుల్లో దింపుకుంటారు. 1988 నవంబరులో ఆ ప్రావిన్సులో కుండపోత వానలు పడి కొండచరియలు విరిగాయి, వందలమంది చనిపోయారు, కీరీవోంగ్‌లో ఇళ్లు కొట్టుకుపోయాయి. అడవి నరికిన కొండల మీద నుంచి దుంగలూ మట్టీ కలిసి ఊళ్ల మీదికి వచ్చిన ఆ దృశ్యం చూశాకే థాయ్ ప్రభుత్వం 1989 జనవరిలో దేశం మొత్తం మీద అడవుల్లో కలప కొట్టడం ఆపేసింది.

ఆ దెబ్బ తర్వాత ఆ ఊరు చేసిన పని చూడండి. టూరిజం అంటే బయటి నుంచి ఎవరో వచ్చి హోటల్ కట్టడం అనుకోలేదు. ఊళ్లోవాళ్లే ఒక సంఘం పెట్టుకున్నారు. వచ్చినవాళ్లను ఏ ఇంటికి పంపాలో సంఘమే వంతుల ప్రకారం చెప్తుంది, అందులో కొంత సొమ్ము ఊరి ఖాతాకు వెళ్తుంది. ఆడవాళ్లు ఆకులతో, మాంగోస్టీన్ తొక్కలతో, సతో కాయల తొక్కలతో బట్టలకు రంగులద్దే గ్రూపు పెట్టుకున్నారు. పండ్ల సీజన్ అయిపోయినా ఆ పని ఏడాదంతా ఉంటుంది. 1998లో థాయ్‌లాండ్ టూరిజం అవార్డు కూడా వచ్చింది. ఇప్పుడు ఆ ఊరికి వారాంతాల్లో జనం బాగానే వస్తున్నారు, వాళ్లకు ఆ ఒత్తిడి ఉండే ఉంటుంది. అయినా తోట తోటగానే ఉంది, టూరిస్టు దానికి తోడయ్యాడు తప్ప దాని స్థానంలోకి రాలేదు. నేను ఇక్కడివాళ్లకు చెప్పాలనుకుంటున్నది ఈ ఒక్క ముక్కే.

ఇక మా సంగతి. రాయగడకు జనం రారని ఎవరూ అనలేరు. మజ్జిగౌరమ్మ తల్లి దర్శనానికి శ్రీకాకుళం, విజయనగరం, పార్వతీపురం నుంచి కుటుంబాలకు కుటుంబాలు వస్తాయి, ఆదివారాలు రైళ్లలో కాలు పెట్టే చోటుండదు. దర్శనం చేసుకుంటారు, నాగావళి మీద ఊగే వంతెన దగ్గర ఫొటోలు దిగుతారు, స్టేషన్ దగ్గర భోజనం చేసి సాయంత్రం రైలుకి వెళ్లిపోతారు. "ఇక్కడ గుడి తప్ప ఇంకేటున్నాది బాబూ చూడ్డానికి?" అని నన్ను అడిగినవాళ్లు చాలామంది. వాళ్లది తప్పు కాదు, ఎవరైనా చెప్తేనే కదా తెలిసేది. గుడి బయట అమ్మే యాపిల్ పండ్లు ఎక్కడో కశ్మీరు, హిమాచల్ నుంచి లారీల మీద వచ్చినవి. పక్క కొండ మీద అనాస ఉందని ఆ కొనే మనిషికి తెలీదు.

రెండో రకం టూరిస్టులు కూడా ఉన్నారు. వాళ్ల గురించి రాయాలంటే బాధగా ఉంటుంది. బిస్సంకటక్ దగ్గర చాటికోనలో బుధవారం సంత. నియమగిరి కొండల మీద నుంచి డోంగ్రియా కోంధులు అనే గిరిజనులు తెల్లవారకముందే బయల్దేరి అనాసలు, పనస, అరటి, పసుపు, అల్లం మోసుకుని దిగుతారు. ఈ సంతను చూడడానికి ఎక్కడెక్కడి నుంచో టూరిస్టులు వస్తారు, టూర్ కంపెనీల లిస్టుల్లో ఉంటుంది. వచ్చి చూసేది పండును కాదు, ఆ ఆడవాళ్ల ముక్కుపుడకలను, జుట్టులోని పిన్నులను, ముఖాలను. కెమెరా మూతి ముందు పెడతారు. ఆ బుట్టలోని అనాస మాత్రం షావుకారు చెప్పిన రేటుకే పోతుంది, మధ్యాహ్నం దాటితే ఎంతకైనా ఇచ్చేయాల్సిందే, ఎందుకంటే మళ్లీ ఆ బరువెత్తుకుని కొండెక్కడం ఎవరి వల్లా కాదు. అంత దూరం డబ్బు ఖర్చుపెట్టుకుని వచ్చిన మనిషి ఒక్క పండు కోయించుకుని తిని, ఇది ఎలా పండించారమ్మా అని అడగకుండా వెళ్లిపోతాడు. మనుషులను బొమ్మల్లా చూసి వెళ్లే ఈ టూరిజం ఆగాలి. దాని స్థానంలో వాళ్ల పంటను, వాళ్ల పనితనాన్ని చూసే టూరిజం రావాలి.

పనితనం అని ఊరికే అనడం లేదు. నియమగిరి గురించి మన పేపర్లలో వచ్చిందంతా బాక్సైట్ గొడవే. 2013లో మైనింగ్ సంగతి గ్రామసభలే తేల్చాలని సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు, ఆ తర్వాత 12 గ్రామసభలు ఒక్కటి కూడా తప్పకుండా మైనింగ్ వద్దనడం అందరికీ తెలుసు. వాళ్లు ఎందుకు వద్దన్నారో అర్థం కావాలంటే ఆ వాలు మీది తోట చూడాలి. పైన పనస, మామిడి, కల్లు ఇచ్చే జీలుగు చెట్లు. మధ్యలో అరటి, నారింజ, నిమ్మ. నేలమీద నీడలోనే అనాస, పసుపు, అల్లం. అనాస పిలక నాటితే కాయ చేతికొచ్చేసరికి ఏడాదిన్నర పడుతుంది, అప్పటిదాకా మిగతావి ఆదుకుంటాయి. ఏదో ఒక నెలలో ఏదో ఒకటి అమ్ముకోవడానికి ఉంటుంది. పెట్టుబడి దాదాపు లేదు. కీరీవోంగ్ తోట గురించి చదివినప్పుడు నాకు వెంటనే గుర్తొచ్చింది ఇదే. అక్కడ మాంగోస్టీన్ ఉన్న చోట ఇక్కడ పనస, అంతే తేడా. వాళ్ల తోటను చూడడానికి ప్రపంచం వెళ్తోంది. మా తోట పేరు ఎదురుగా ఉన్న జిల్లా కేంద్రంలోనే సగంమందికి తెలీదు.

ఇంకొక సంగతి, దీని గురించి ఎవరూ ఆలోచించడం లేదు. కొన్ని పండ్లు ఊరు దాటలేవు. జీడిమామిడినే తీసుకోండి. పిక్క పలాసకు పోతుంది, అక్కడి ఫ్యాక్టరీల్లో పప్పు అవుతుంది, దేశమంతా తింటుంది. పండు మాత్రం చెట్టు కిందే కుళ్లుతుంది, ఎందుకంటే కోసిన ఒకరోజులోపే మెత్తబడి పులుస్తుంది. పిక్క కంటే ఎన్నో రెట్లు బరువుండే పండు, నారింజ కంటే విటమిన్ సి ఎక్కువున్న పండు, మార్చి నుంచి మే దాకా టన్నులకు టన్నులు నేలపాలు. గోవాలో దాన్నుంచి ఫెని అనే సారా చేసి 2009లోనే జీఐ, అంటే ఇది ఈ ప్రాంతపు సరుకే అనే గుర్తింపు తెచ్చుకున్నారు. మనం సారా చేయమని నేను అనను. కానీ హైదరాబాదులోనో విశాఖలోనో పుట్టి పెరిగిన పిల్ల జీడిపప్పు రోజూ తింటుంది, జీడిమామిడి పండును కళ్లతో చూసి ఉండదు. ఎర్రగా పసుపుగా వేలాడే పండు కింద తగిలించినట్టు పిక్క ఉండడం చూస్తే పెద్దవాళ్లే ఆశ్చర్యపోతారు. కాస్త ఉప్పు చల్లి ముక్కలు పెడితే, వగరు తగ్గించి రసం తీసి ఇస్తే, అది ఈ తోటలో తప్ప ఇంకెక్కడా దొరకదు. సీతాఫలం కూడా అంతే, చెట్టు మీద కళ్లు విచ్చుకునేదాకా ఉంచితే బస్సెక్కించలేం, అందుకే వ్యాపారులు రాయిలా ఉన్నప్పుడే కోయిస్తారు. చెట్టు మీద పండిన పనస తొన రుచి వేరు, పచ్చిదే కోసి లారీలో మగ్గించినదాని రుచి వేరు. ఇవన్నీ తినాలంటే మనిషే రావాలి. శీతల గిడ్డంగి కట్టండి అని మేం ఏళ్లుగా అడుగుతున్నాం, కట్టాలి కూడా, కాదనను. కానీ చెట్టు కింద నాలుగు బల్లలు వేయడానికి గిడ్డంగి కోసం ఆగక్కర్లేదు కదా.

ఇది ఇప్పుడే చేయాలి అని తొందరపడడానికి కారణముంది. గత కొన్నేళ్లలో మా జిల్లాలో పత్తి విపరీతంగా పెరిగింది, బిస్సంకటక్, గుణుపూర్ వైపు కొండ అంచుల దాకా వెళ్లింది. విత్తనంతోపాటు కలుపు మందు కూడా వచ్చింది, ఆ మందు పడితే పసుపూ అల్లం మొక్కలు కూడా చచ్చిపోతాయి. ఇంకోపక్క కాగితం మిల్లులకు అమ్మే జామాయిల్ తోటలు. ఏపుగా పెరుగుతాయి, ఒకేసారి డబ్బు చేతికొస్తుంది, పిల్ల పెళ్లి చేయాల్సినవాడికి ఆ డబ్బు అవసరమే, నేను తప్పుపట్టను. కానీ కొండవాలు మీద పనస కొట్టేసి జామాయిల్ వేస్తే మళ్లీ ఆ పనస రావడానికి ఒక తరం కావాలి. 2017 జులైలో కల్యాణసింగ్‌పూర్ వైపు ఒక్కసారిగా వరద వచ్చి ఊళ్లు మునిగాయి, తెరువలి, సింగపూర్ రోడ్ స్టేషన్ల మధ్య రైలు వంతెనే కొట్టుకుపోయింది. ఆ వాగులు దిగేది ఈ కొండల నుంచే. పెద్ద చెట్లు, కింద దుబ్బులు, గడ్డలు కలిసి ఉన్న నేల నీటిని పట్టుకున్నట్టు దున్ని వదిలేసిన వాలు పట్టుకోదు. ఇది మా ముసలివాళ్లకు చెప్పాల్సిన పనిలేదు, కానీ పత్తి రేటు బాగున్న ఏడాది ఎవరూ వినిపించుకోరు. తోట నుంచి పత్తితో సమానంగా కాకపోయినా నమ్మకంగా నగదు వస్తుందని చూపిస్తేనే ఆ చెట్లు నిలబడతాయి.

థాయ్‌లాండ్‌లోనూ ఇదే తప్పు జరుగుతోంది, అది కూడా రాయాలి. అక్కడి పచ్చి దురియన్ ఎగుమతిలో నూటికి తొంభై వంతులకు పైగా చైనాకే వెళ్తుంది. ఆ రేటు చూసి దక్షిణాన చాలామంది లాంగ్‌కాంగ్, రబ్బరు కొట్టేసి వరసలుగా దురియన్ ఒక్కటే వేస్తున్నారు. చైనా రేపు వియత్నాం దగ్గర ఎక్కువ కొంటే వీళ్ల పరిస్థితి ఏమిటి? కలగలుపు తోట ఉన్నవాడికి ఆ టెన్షన్ తక్కువ.

ఇక్కడే ఒక భయం చెప్పాలి. అగ్రో టూరిజం అనే మాట వినగానే మన ప్రాంతంలో కొందరికి రిసార్టు గుర్తొస్తుంది. రాయగడ జిల్లా మొత్తం షెడ్యూల్డ్ ఏరియా. ఆంధ్రలో 1/70 చట్టం ఎలాగో ఇక్కడ 1956 నాటి రెగ్యులేషన్ అలాగ, గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదు. 2023 నవంబరులో దాన్ని సడలించాలని ఒడిశా ప్రభుత్వం నిర్ణయం తీసుకుని, గొడవ అయ్యాక పక్కన పెట్టింది. కాబట్టి కన్ను ఎటు ఉందో తెలుస్తూనే ఉంది. లీజు పేరుతోనో, ఇంకొకరి పేరు మీదో కొండ కింద కాటేజీలు కట్టి, అదే ఊరి పిల్లలకు కప్పులు కడిగే పని ఇస్తే దాన్ని నేను అగ్రో టూరిజం అనను. పట్నంలో ఉన్న మా తెలుగు వ్యాపారులకు కూడా ఈ మాట నేరుగా చెప్తున్నాను. మనం ఇక్కడ తరాలుగా బతుకుతున్నాం, సంతలో అనాస కొని లాభానికి అమ్ముకున్నవాళ్లలో మనవాళ్లే ఎక్కువ. ఇప్పుడు మనం చేయాల్సింది బండి నడపడం, రైలు దిగినవాళ్లకు తెలుగులో దారి చెప్పడం, వచ్చేవాళ్లను ఊరి సంఘంతో కలపడం, దానికి సరిపడా డబ్బు తీసుకోవడం. భూమి జోలికి వెళ్లొద్దు.

ఎక్కడ మొదలుపెట్టాలి అంటే నియమగిరి పైఊళ్లలో మాత్రం కాదు. అక్కడికి బయటివాళ్లు పోవాలా వద్దా అన్నది ఆ పల్లిసభలే, అంటే అక్కడి ఊరి సభలే చెప్పాలి, వద్దంటే వద్దు. రోడ్డు పక్కన, రాయగడకు దగ్గర్లో ఉన్న మామిడి, జీడి తోటల ఊళ్లు చాలు మొదటి రెండేళ్లకి. ఆడవాళ్ల పొదుపు సంఘాలు ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి, లెక్కలు రాయడం వాళ్లకు వచ్చు, వంతులు వేసుకోవడం కూడా వచ్చు. ఆదివారం దర్శనం అయ్యాక పొద్దున పదకొండు నుంచి నాలుగు వరకు ఒక తోట, ఒక భోజనం, తిన్నన్ని పండ్లు. రాగి అంబలి, పనస గింజల కూర, కంద, చింతచిగురు పప్పు పెడితే చాలు, పన్నీరు బిర్యానీ ఎవరూ అడగరు. కావాల్సింది శుభ్రమైన మరుగుదొడ్డి, మంచినీళ్లు, స్టేషన్ నుంచి రేటు రాసిపెట్టిన ఆటో. నా అనుభవంలో ఆడవాళ్లు ఉన్న కుటుంబం ఎక్కడికైనా వెళ్లాలా వద్దా అని తేల్చుకునేది మరుగుదొడ్డిని బట్టే. మార్చి నుంచి జీడిమామిడి, మే, జూన్‌లో మామిడి, పనస, వానల్లో అనాస, దసరా తర్వాత సీతాఫలం. మిగిలిన నెలలకు కీరీవోంగ్ ఆడవాళ్లు రంగుల పని చూసుకున్నట్టు మనకూ పనులున్నాయి. భీమాళి తాండ్ర చూడండి, ఒక ఊరి పేరు మీద ఎంత దూరం పోయిందో. డోంగ్రియాల శాలువాకు, గుణుపూర్ వైపు లాంజియా సవరల గోడ బొమ్మలకు 2024 జనవరిలోనే జీఐ వచ్చింది, అవి అమ్మడానికి రాయగడలో ఒక మంచి చోటు ఉంటే బాగుంటుంది.

రాష్ట్ర సరిహద్దుతో చిక్కు కూడా ఒకటి ఉంది. ఆంధ్ర వైపు సీతంపేట ఏజెన్సీలో అనాస, సీతాఫలం ఉన్నాయి, సవరలు ఉన్నారు. గీత దాటి ఇటువస్తే అవే కొండలు, అదే పండు, అదే మనుషులు, కానీ పథకం వేరు, ఆఫీసు వేరు, బోర్డు మీద భాష వేరు. వచ్చే టూరిస్టుకు గీత కనపడదు. మహారాష్ట్ర 2020లోనే అగ్రో టూరిజానికి ప్రత్యేకంగా ఒక పాలసీ తెచ్చుకుంది, రైతు రిజిస్టర్ చేసుకుని నడుపుకోవచ్చు. ఒడిశా, ఆంధ్ర ఈ కొండల వరకైనా కలిసి కూర్చుని అలాంటిదొకటి రాయాలి, అందులో ఊరి సంఘానికే హక్కు అని మొదటి వాక్యంలోనే ఉండాలి.

మీకు నా విన్నపం ఒకటే. వచ్చే వానాకాలం అనాస దిగే రోజుల్లో ఒక బుధవారం మీ విలేఖరిని చాటికోనకు పంపించండి. డోంగ్రియాల భాష కువి తెలిసినవాళ్లను ఒకరిని తోడు తీసుకోమనండి, ఇక్కడ దొరుకుతారు. అమ్మడానికి దిగిన ఆడవాళ్లను కూర్చోబెట్టి, పొద్దున ఎంత రేటు పలికింది, సాయంత్రానికి ఎంతకిచ్చారు, తోట చూడడానికి మనుషులు వస్తే ఎక్కడిదాకా రానిస్తారు, ఎంత తీసుకుంటారు, ఏం చేయకూడదంటారు అని అడిగి, వాళ్లు చెప్పింది చెప్పినట్టు జిల్లా పేజీలో కాకుండా మొదటి పేజీలో వేయండి.

ఇట్లు,
ఒక తోట రైతు
రాయగడ జిల్లా, ఒడిశా